బైరమంగల కాలువ కింద రెండెకరాలు: హెంప్ వేస్తే మట్టి బాగుపడుతుందా?

వృషభావతి ఒడ్డు | ఏప్రిల్ 12, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. చాన్నాళ్ళుగా ఇక్కడ చదివేవాణ్ణే, పోస్టు పెట్టడం ఇదే మొదలు.

మాది బెంగళూరు పక్కన బిడది దగ్గర, బైరమంగల చెరువు కాలువ కింద రెండెకరాల పది గుంటలు. మా తాత చిత్తూరు వైపు నుంచి వచ్చి కొన్నాడు. నేను రాజాజీనగర్‌లో ఉంటూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటున్నా, నాన్న అక్కడే ఉంటాడు. తాత రోజుల్లో వరి పండేదట. ఇప్పుడు నేపియర్ గడ్డి, కొంచెం బేబీ కార్న్. బెంగళూరు పడమటి వైపు మురుగంతా, పీణ్య వైపు ఫ్యాక్టరీల నీళ్ళతో కలిసి వృషభావతి పేరుతో మా దగ్గరికే వస్తుంది. బసవనగుడిలో నంది పాదాల దగ్గర పుట్టిన నది అంటారు, చూస్తే నమ్మబుద్ధి కాదు. తూము దగ్గర నురగ మోకాలెత్తు లేస్తుంది. కాలువలో దిగిన రోజు నాన్న కాళ్ళకు కొబ్బరినూనె రాసుకుని కానీ పడుకోడు, లేకపోతే తెల్లార్లూ దురద.

ఈమధ్య ఒక వీడియో చూశా. హెంప్ అనే మొక్క మట్టిలోని విషాన్ని పీల్చేస్తుందట, నాలుగు నెలల పంట, నారతో బట్టలు, గింజలతో నూనె, కాడ లోపలి బెండుతో ఇటుకలు. మా కజిన్‌కి తెలిసిన ఒక కన్సల్టెంట్ ఎకరాకు 40 వేలు కడితే విత్తనం ఇచ్చి పంట తనే కొంటానంటున్నాడు. భూమి బాగుపడుతుంది, చుట్టుపక్కల నలుగురికి పని దొరుకుతుంది అని నాకు ఆశ. నాన్నకి చెప్తే ఒకటే అన్నాడు: "కొళాయి కట్టేయకుండా ఇల్లు తుడుస్తావా?"

ఎవరికైనా దీని గురించి నిజంగా తెలిస్తే చెప్పండి.

సిల్క్‌బోర్డ్ బాధితుడు | ఏప్రిల్ 12, రాత్రి 10:58

హెంప్ అంటే గంజాయే కదా బ్రో? టైటిల్ చూసి ట్రాఫిక్‌లో ఉండి కూడా ఓపెన్ చేశా. పంట వస్తే ఈ గ్రూపు సభ్యులకు డిస్కౌంట్ ఉంటుందా?

నల్లకోటు | ఏప్రిల్ 13, ఉదయం 7:15

జోకులు పక్కన పెట్టండి, ముందు ఇది చదవండి. మొక్క అదే, గంజాయి మొక్కే. మత్తునిచ్చే టీహెచ్‌సీ చాలా తక్కువుండే రకాలను హెంప్ అంటున్నారు, సాధారణంగా 0.3 శాతం హద్దు. కానీ మన 1985 నాటి మత్తుమందుల చట్టానికి (ఎన్‌డీపీఎస్) ఆ తేడా తెలియదు. పూత భాగం గంజాయి. పూత లేకుండా ఉన్న ఆకు, గింజ ఆ నిర్వచనంలోకి రావు, అందుకే భంగు అమ్ముకుంటున్నారు. అయితే సాగుకి వచ్చేసరికి మొక్క మొక్కే. 8వ సెక్షన్ నిషేధం, 20వ సెక్షన్ కింద అనుమతి లేని సాగుకి పదేళ్ళ దాకా కఠిన కారాగారం, లక్ష దాకా జరిమానా.

దారి లేదని కాదు. 14వ సెక్షన్ ప్రకారం నార కోసం, గింజ కోసం పెంచడానికి ప్రభుత్వం అనుమతి ఇవ్వొచ్చు. ఉత్తరాఖండ్ 2018లో ఆ దారిన లైసెన్స్ ఇచ్చింది, అలా ఇచ్చిన మొదటి రాష్ట్రం అదే. ఇక్కడ బిడదిలో మీ కన్సల్టెంట్ ఏ కాగితం చూపించి విత్తనం ఇస్తున్నాడో అడగండి. లైసెన్స్ కాగితం లేకపోతే ఆ 40 వేలు ఇచ్చి జైలుకి టికెట్ కొనుక్కున్నట్టే. పొలం ఎవరి పేరున ఉంది? నాన్నగారి పేరునా? అయితే ముందు పట్టుకునేది ఆయన్నే.

మారతహళ్ళి మావయ్య | ఏప్రిల్ 13, ఉదయం 9:02

బాబూ, నేను 2011లో ఈమూ పక్షులు కొన్నాను. ఆరు జతలు. మదనపల్లె దగ్గర మా తోటలో ఫెన్సింగ్ వేసి మరీ. "గుడ్లు మేమే కొంటాం, నూనె మేమే తీస్తాం" అన్నారు. ఏడాదిలో ఫోన్ ఎత్తడం మానేశారు. చివరికి ఆ పక్షులకు మేత పెట్టలేక, అమ్మలేక, వదిలేయలేక మా ఆవిడ రోజూ ఏడ్చేది. అంతకు ముందు మా తోడల్లుడు అడవి ఆముదం వేశాడు, డీజిల్ కాస్తుందని.

పంట కంటే ముందు కొనేవాడే దొరికాడంటే నాకైతే భయం. కొనేవాడి ఫ్యాక్టరీకి వెళ్ళి, అక్కడి రైతుతో వాడి ముందు కాకుండా మాట్లాడి రా. అదీ నీ డబ్బుతో బస్సెక్కి. వాడి కారులో కాదు.

గోగుపువ్వు | ఏప్రిల్ 13, మధ్యాహ్నం 1:20

మాది శ్రీకాకుళం, ఇప్పుడు హెచ్ఎస్ఆర్ లేఅవుట్. ముందు ఒక పేరు గొడవ తేల్చుకుందాం, ఎందుకంటే తెలుగు పేపర్లలో హెంప్ అని ఉన్నచోటల్లా "జనపనార" అని రాసేస్తారు. జనపనార జూట్. పచ్చిరొట్టకి దున్నేసే జనుము ఇంకో మొక్క, దాన్ని ఇంగ్లీషువాళ్ళు సన్ హెంప్ అన్నారు. మన గోగుని దక్కన్ హెంప్ అన్నారు. నార వచ్చిన ప్రతిదానికీ వాళ్ళకి ఒకే పేరు. ఈ మూడింటికీ గంజాయి మొక్కకీ చుట్టరికం లేదు, మూడూ ఎవరి లైసెన్సూ లేకుండా వేసుకోవచ్చు.

గోగు అంటే మనం పచ్చడి చేసుకునే గోంగూర బంధువే. అసలు భీమిలి రేవు నుంచి ఓడలకెక్కిన గోగునారకి బయటి దేశాల్లో "బిమ్లి జూట్" అని పేరు. వీడియో చూసి మోజు పడేముందు ఇంటి మొక్కని కూడా ఒకసారి తలుచుకోండి అని చెప్పడం.

ల్యాబ్ కోటు | ఏప్రిల్ 13, రాత్రి 11:30

వృషభావతి గారూ, నాన్నగారి మాట ముందు ప్రింట్ తీసి గోడకి అంటించండి. నేను నీటి పరీక్షల ల్యాబ్‌లో పని చేస్తా కాబట్టి లెక్క ఒకటి వేసి చూపిస్తా.

జర్మనీలో కాడ్మియం, సీసం లాంటి భారలోహాలు పట్టిన నేలలో హెంప్ పెంచి 2002లో ఫలితాలు వేశారు. ఒక పంటకి హెక్టారు నుంచి 126 గ్రాముల కాడ్మియం బయటికి తీయగలదని వాళ్ళ అంచనా. వినడానికి బావుంది. ఇప్పుడు హెక్టారులో పైన 20 సెంటీమీటర్ల మట్టి బరువు దాదాపు 2,600 టన్నులు. ఆ మట్టిలో కాడ్మియం కిలోకి ఒక్క మిల్లీగ్రాము తగ్గాలంటే బయటికి పోవాల్సింది 2.6 కిలోలు. ఆ 2,600 గ్రాముల్ని 126తో భాగించండి. ఇరవై పంటలు పైనే. అదీ కొత్తగా చుక్క కూడా రాకపోతే. మీ కాలువ రోజూ వస్తూనే ఉంది.

కాడ్మియం అయినా కదులుతుంది. పీణ్యలో లోహపు పూత వేసే ప్లేటింగ్ షాపులు ఎక్కువ, అంటే క్రోమియం. అది మొక్క వేరు దాటి పైకి ఎక్కదు, చాలావరకు వేరులోనే ఆగిపోతుంది. క్రోమియం తీసేస్తానని హెంప్ కాదు, ఏ మొక్క పేరు చెప్పి వచ్చినా నమ్మకండి.

ఇంకో మాట. మీరు వేసే నేపియర్ కూడా మట్టి నుంచి ఎంతో కొంత లాగుతూనే ఉంటుంది. ఏడాదికి ఆరేడు కోతలు కోస్తారు కదా. తేడా అల్లా ఆ కోత ఆవు కడుపులోకి పోతోంది. మొక్క పీల్చడం సగం కథే, పీల్చిన మొక్కని ఎక్కడ పెడతాం అన్నది మిగతా సగం. ఆ జర్మన్ పరీక్షలో కూడా లోహాలు ఎక్కువగా ఆకుల్లోనే చేరాయి. హెంప్ కోతకొచ్చేలోపు కింది ఆకులన్నీ పొలంలోనే రాలుస్తుంది. రాలిన ఆకు ఊడ్చి తీసుకెళ్ళకపోతే పీల్చింది మళ్ళీ మట్టికే. తీసుకెళ్ళి కాలిస్తే బూడిదలో ఉంటుంది.

వృషభావతి ఒడ్డు | ఏప్రిల్ 14, ఉదయం 8:10

లెక్క చూసి నిద్ర పట్టలేదు సార్. కానీ చెర్నోబిల్ దగ్గర హెంప్ వేశారు, ఇటలీలో స్టీల్ ప్లాంట్ పక్కన వేశారు, అమెరికాలో ఎయిర్‌ఫోర్స్ బేస్‌లో వేశారు అని ఆ వీడియోలో పేర్లతో సహా చెప్పాడే. అవన్నీ అబద్ధాలా?

ల్యాబ్ కోటు | ఏప్రిల్ 14, మధ్యాహ్నం 12:45

అబద్ధాలు కావు, ఆ వీడియోవాళ్ళు సగంలో ఆపేస్తారు. చెర్నోబిల్ దగ్గర 1998లో హెంప్ వేసింది ప్రయోగంగా. దాంతో ఆ ప్రాంతం శుభ్రపడలేదు, ఈరోజుకీ అది నిషిద్ధ ప్రాంతమే.

ఇటలీ కథ నాకు ఇష్టం. టరంటో అనే ఊళ్ళో పెద్ద స్టీల్ ప్లాంట్ పక్కన ఒక కుటుంబానికి తరతరాలుగా గొర్రెల మంద. 2008లో వాటిలో డయాక్సిన్ అనే విషం బయటపడి 600కి పైగా గొర్రెల్ని అధికారులు చంపించేశారు. మేపడానికి వీల్లేని భూమిలో ఏం చేయాలని ఆ కుటుంబం హెంప్ వేసింది. నేల ఖాళీగా పడి ఉండకుండా, తినే పంట కాకుండా ఏదో ఒకటి పండుతుంది, చేతికి నార వస్తుంది. అది చాలా తెలివైన పని. మీ ఊరికి పనికొచ్చేది కూడా ఆ ముక్కే అనిపిస్తోంది నాకు.

అమెరికాది మెయిన్ రాష్ట్రంలో లోరింగ్ అనే పాత వైమానిక స్థావరం. మంటలార్పే నురగలోని పీఫాస్ రసాయనాలు మట్టిలో ఇంకిపోయాయి. ఆ భూమి ఇప్పుడు మిక్‌మాక్ అనే ఆదివాసీ తెగ చేతిలో ఉంది. 2019 నుంచి వాళ్ళూ శాస్త్రవేత్తలూ కలిసి హెంప్ వేసి చూస్తున్నారు. కొంత పీలుస్తోంది. పీల్చిన మొక్కని ఏం చేయాలన్నది అక్కడా పెద్ద ప్రశ్నే.

కోలారు పిల్ల | ఏప్రిల్ 14, రాత్రి 9:50

మీదంతా చదువుతుంటే మా కేజీఎఫ్, అదే కోలారు బంగారు గనుల ఊరు, గుర్తొచ్చింది. గనులు 2001 ఫిబ్రవరి 28న మూసేశారు. మిగిలింది సైనైడ్‌తో బంగారం తీసేశాక పారబోసిన దిబ్బలు, మూడు కోట్ల టన్నులకు పైనే మట్టి, గుట్టలు గుట్టలుగా. సినిమా షూటింగులు జరుగుతాయి, పెళ్ళికి ముందు ఫోటోలు దిగుతారు. ఎండాకాలం గాలొస్తే బట్టలు ఆరేసుకోలేం, తెల్లటి దుమ్ము. చిన్నప్పుడు మా అమ్మ తలుపు కింద తడి గోనెసంచి అడ్డం పెట్టేది.

"హెంప్ వేస్తే దిబ్బలు పచ్చబడతాయి, ఊరికి పని దొరుకుతుంది" అని మా ఊళ్ళో కూడా ఒకాయన మీటింగ్ పెట్టాడు. నేను అడిగా, దిబ్బ మీద ఎప్పుడైనా నిలబడ్డావా అని. అది మట్టి కాదు, పిండి. సత్తువ లేదు, తడి నిలవదు. హెంప్‌కి మంచి నేల, దండిగా నత్రజని కావాలట కదా. ముందు దుమ్ము లేవకుండా గడ్డి పట్టుకుంటే అదే పదివేలు.

పని సంగతంటారా, పొద్దున మారికుప్పం ట్రైన్ ఎక్కి చూడండి. ఊరు ఊరంతా బెంగళూరుకే వస్తోంది. నేనూ పదేళ్ళు దాంట్లో నిలబడే వచ్చా.

పచ్చజెండా | ఏప్రిల్ 15, ఉదయం 10:05

ఇక్కడ ఎవరేం చెప్పినా "కుదరదు" అనే వాళ్ళే ఎక్కువ. నేను ఉత్తరాఖండ్ పౌరీ వైపు వెళ్ళి హెంప్‌తో కట్టిన ఇంట్లో రెండు రోజులు ఉన్నా. బెండుముక్కల్లో సున్నం కలిపి గోడలు పోస్తారు. బయట చలి, లోపల హాయి. ఎల్లోరా గుహల గచ్చులో కూడా హెంప్ కలిపారని పురావస్తు శాఖవాళ్ళు 2016లో తేల్చారు, పదిహేను వందల ఏళ్ళుగా పురుగు పట్టకుండా నిలబడింది. గింజలని, గింజల నూనెని ఆహారంగా అమ్ముకోవచ్చని 2021లో ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ కూడా ఒప్పుకుంది. హిమాచల్ 2025లో ప్రయోగాత్మక సాగుకి సరే అంది. ఇంత జరుగుతుంటే మనం ఈమూ పక్షుల కథలు చెప్పుకుంటూ కూర్చోవాలా?

ల్యాబ్ కోటు | ఏప్రిల్ 15, ఉదయం 11:20

పచ్చజెండా గారూ, మీరు చెప్పినవన్నీ సరైనవే, నేనూ ఒప్పుకుంటా. కానీ మీ లిస్టులో డబ్బు తెచ్చేది గింజ. విషం పట్టిన నేలలో పండిన గింజని పిల్లలు తినే లడ్డూలో వేస్తారా? భూమిని శుభ్రం చేయడం, తినే సరుకు అమ్మడం ఒకే పొలంలో కుదరవు. ఏదో ఒకటి వదులుకోవాలి. నార, బెండు గోడల్లోకి పోతే నాకు అభ్యంతరం లేదు. ఆ జర్మన్ పరీక్షలో కూడా నార నాణ్యత చెడలేదన్నారు. అయితే ఒట్టి నార, బెండుతో ఎకరాకు ఎంత వస్తుందో ఆ కన్సల్టెంట్‌ని రాసిమ్మనండి.

హెబ్బాళ్ హాస్టల్ | ఏప్రిల్ 15, సాయంత్రం 6:40

నేను ఇక్కడ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో ఎంఎస్సీ చేస్తున్నా, మాది అనంతపురం. ఎవరూ అనని ఒక సంగతి చెప్తాను. హెంప్ పగటి పొద్దుని బట్టి పూస్తుంది. టీహెచ్‌సీ తక్కువుండే నార రకాల్లో చాలావరకు యూరప్‌లో తయారైనవి, అక్కడ ఎండాకాలం పగలు 15, 16 గంటలు. మన బెంగళూరులో జూన్‌లో కూడా పగలు 13 గంటలకు లోపే. ఆ విత్తనం ఇక్కడ వేస్తే రాత్రి పెద్దదిగా ఉందని తొందరపడి మోకాలెత్తులోనే పూతకొచ్చేస్తుంది. ఇంక నారెక్కడిది? మన వాతావరణానికి అలవాటు పడ్డ దేశీ రకాలు ఎత్తు పెరుగుతాయి, కానీ వాటిల్లో టీహెచ్‌సీ హద్దు దాటుతుంది. అప్పుడు నల్లకోటు గారు చెప్పిన సెక్షన్లు.

అన్నా, మీరు ముందు మట్టి పరీక్ష చేయించండి. సాయిల్ హెల్త్ కార్డు కాదు. దాంట్లో చూసే 12 అంశాల్లో సీసం, కాడ్మియం, క్రోమియం, నికెల్ ఉండవు. భారలోహాలు కావాలని విడిగా అడిగి, ఆ మెషీన్ ఉన్న ల్యాబ్‌లో ఇవ్వాలి. మామూలుగా పొలమంతా తిరిగి మట్టి తీసి ఒకే కుప్పగా కలుపుతారు కదా, మీరు అలా కలపకండి. కాలువ నోటి దగ్గర ఒకటి, మధ్యలో ఒకటి, నీళ్ళు చివరికి చేరే చోట ఒకటి, మూడు సంచులు విడివిడిగా. పారతో 'వి' ఆకారంలో జానెడు లోతు తవ్వి, పారకి తగిలిన మట్టి వదిలేసి, గోడ మట్టిని చెక్క గరిటెతో గీరండి. ఇనుము తగిలితే లెక్క చెడిపోతుంది. బోరు ఉంటే ఆ నీళ్ళు కూడా ఒక బాటిల్.

సిల్క్‌బోర్డ్ బాధితుడు | ఏప్రిల్ 15, రాత్రి 8:00

నేను జోక్ వేసి వెళ్ళిపోదామనుకున్నా. మూడు రోజుల నుంచి ఇదే చదువుతున్నా.

వృషభావతి ఒడ్డు | మే 9, రాత్రి 9:30

ఆలస్యానికి క్షమించండి. కన్సల్టెంట్‌ని లైసెన్స్ కాగితం అడిగా. "ప్రాసెస్‌లో ఉంది" అన్నాడు. రెండోసారి ఫోన్ చేస్తే కజిన్ మీద అరిచాడట, మీవాడికి నమ్మకం లేదు అని. అక్కడితో వదిలేశా. మావయ్యగారూ, మీ ఆరు జతల పక్షులు నా 80 వేలు కాపాడాయి.

మట్టి పరీక్ష చేయించా. హెబ్బాళ్ చెల్లెమ్మ చెప్పినట్టే మూడు సంచులు. అమ్మ పెరుగు గరిటె, చెక్కది, అడక్కుండా తీసుకెళ్ళా. అది ఇంక ఇంట్లో వాడకూడదంది, అదో గొడవ. కాలువ నోటి దగ్గర మట్టి చేత్తో పిసికితే బంకలా నల్లగా, గ్రీజు వాసన. చివర్లో మాత్రం మామూలు ఎర్రమట్టి రంగే. రిపోర్టులో కూడా అంతే, క్రోమియం, నికెల్ నోటి దగ్గర ఎక్కువ, చివరికి పోయేసరికి సగం కూడా లేవు. అంటే మడి మొత్తం ఒకేలా చెడలేదు. ఈ సంగతి నాన్నకి ఎప్పుడో తెలుసట. "అందుకే కదరా ఇంటికి కావలసిన కూర ఆ మూల వేసేది" అన్నాడు. నాకెప్పుడూ చెప్పలేదు, నేనూ ఎప్పుడూ అడగలేదు.

చివరి ఎకరానికి కాలువ మూసేసి బోరు నీళ్ళు పెడదామని నిర్ణయం. నోటి దగ్గర పదిహేను గుంటల్లో గడ్డి తీసేసి తినని పంట ఏదైనా వేయాలి. గోగుపువ్వు గారూ, గోగు చెప్పండి.

గోగుపువ్వు | మే 10, ఉదయం 7:30

సంతోషం. జూన్ మొదటి వానలకి చల్లెయ్యి, ఒత్తుగా. పల్చగా వేస్తే కొమ్మలేస్తుంది, నార పొట్టిదవుతుంది. నాలుగు నెలల్లో నీ తల దాటి పోతుంది. విత్తనానికి ఆమదాలవలస పరిశోధనా కేంద్రంలో అడుగు, గోగు రకాల మీద ఏళ్ళ తరబడి పని చేస్తున్నది వాళ్ళే. లోహాలు పట్టిన నేలల్లో గోగు మీద కూడా వేరే దేశాల్లో పరీక్షలు జరిగాయి, అయితే ల్యాబ్ కోటు గారి ఇరవై పంటల లెక్క దీనికీ వర్తిస్తుంది అనుకునే మొదలుపెట్టు.

కష్టమంతా కోత తర్వాతే. మా ఊళ్ళో కట్టలు కట్టి చెరువులో వేసి, మీద అరటి బోదెలు బరువు పెట్టి పది పదిహేను రోజులు ఊరనిచ్చేవాళ్ళం. తీసి చూస్తే బెరడు జారాలి. రెండ్రోజులు ముందైతే పుల్లకి అతుక్కుంటుంది, రెండ్రోజులు ఆలస్యమైతే నార కుళ్ళి పట్టు పోతుంది. నడుములోతు నీళ్ళలో నిలబడి పిడికెడు పుల్లలు పట్టుకుని, మొదట్లో కొయ్యసుత్తితో కొట్టి, ఒక్క జాడింపుకి నార ఊడొచ్చేలా లాగేది మా మేనత్త. చేతుల వాసన నెల్లాళ్ళు పోదు. ఆవిడ వడ్డిస్తే మేం ముక్కు మూసుకుని తినేవాళ్ళం, పాపం.

కొనేవాడి సంగతి కూడా చెప్పాలి. చిట్టివలస జూట్ మిల్లు 2009లో మూతపడింది. నెల్లిమర్ల మిల్లుదేమో తెరవడం, లాకౌట్, మళ్ళీ తెరవడం. ధాన్యం గోనెసంచుల్లోనే నింపాలని 1987 నుంచి చట్టం ఉన్నా సంచులకు సరుకు ఎక్కువగా బెంగాల్ నుంచి వస్తుంది. మా వైపు గోగు చేలు ఏటేటా తగ్గిపోయాయి. పంట లేక మిల్లు పోయిందో, మిల్లు లేక పంట పోయిందో మా ఊళ్ళో ఇప్పటికీ వాదించుకుంటారు. నీ పదిహేను గుంటల నార ఏ మిల్లుకీ లారీ లోడు కాదు. తాళ్ళు, పూలకుండీల అల్లికలు చేసేవాళ్ళెవరైనా రామనగరలో ఉన్నారేమో ఇప్పటి నుంచే వెతుక్కో.

పచ్చజెండా | మే 10, ఉదయం 9:15

చన్నపట్నంలో బొమ్మలు చేసేవాళ్ళు నాకు తెలుసు, కట్టడానికి తాడు కొంటారు. అడిగి చెప్తా. హెంప్ మీద నా మాట మాత్రం వెనక్కి తీసుకోను, చట్టం మారిన రోజు మళ్ళీ వస్తా.

నల్లకోటు | మే 10, ఉదయం 9:40

ఆ రోజు వస్తే ఫీజు లేకుండా మీ లైసెన్స్ అప్లికేషన్ నేనే నింపుతా.

వృషభావతి ఒడ్డు | సెప్టెంబర్ 28, రాత్రి 10:15

గోగు నా తల దాటి రెండడుగులు పైకి పోయింది. పూత మొదలైంది, లేత పసుపు రేకులు, మధ్యలో ముదురెరుపు. రోడ్డు మీద పోయేవాళ్ళు బండి ఆపి ఫోటోలు తీసుకుంటున్నారు.

కొత్త తలనొప్పి వచ్చింది. పక్క లేఅవుట్‌లో సెంట్రింగ్ పనికి ఉత్తర కర్ణాటక నుంచి వచ్చిన కుటుంబాలు ఉన్నాయి. వాళ్ళకి ఇది పుండి సొప్పు, జొన్నరొట్టెలోకి ప్రాణం. సాయంత్రం పని దిగి చిగుళ్ళు తుంచుకుని ఒడిలో వేసుకుపోతున్నారు. నాన్న చూసి పరిగెత్తాడు, తినకండమ్మా, ఇది ఫ్యాక్టరీ నీళ్ళతో పెరిగింది అని. ఒకావిడ నవ్వి, "మీ గడ్డి తిన్న ఆవు పాలు మీరు తాగట్లేదా అజ్జా?" అంది. నాన్న మాట్లాడకుండా ఇంటికొచ్చేశాడు. ఆ రాత్రి కాఫీ తాగలేదు.

మర్నాడు ఆ మూల చుట్టూ ముళ్ళకంప వేయించాం. మంచి ఎకరంలో, బోరు నీళ్ళ కింద, నాలుగు సాళ్ళు గోంగూర చల్లి, వాళ్ళని అక్కడ కోసుకోమన్నాం.

గోగుపువ్వు | సెప్టెంబర్ 29, ఉదయం 6:50

మీ నాన్నగారికి నా నమస్కారం చెప్పు. పూత సగం పడ్డాక కోసెయ్యి, గింజ పట్టేదాకా ఉంచితే నార మొద్దుబారుతుంది. ఆకు దులిపి పొలంలో వదలకు. ఇంతకీ ఊరబెట్టడానికి నీళ్ళెక్కడివి? ఆ చెరువులో మాత్రం వెయ్యకు.

వృషభావతి ఒడ్డు | సెప్టెంబర్ 29, ఉదయం 8:05

అదే లెక్క వేస్తున్నాం. బోరు పక్కన పాత ఇటుకలతో తొట్టి కట్టాలి, పది అడుగుల పొడవు చాలంటారా? ఇప్పటిదాకా రాలిన ఆకు సంచుల్లోకి ఎత్తాం, పన్నెండు సంచులు అయ్యాయి, షెడ్డులో ఉన్నాయి. వాటినేం చేయాలో ల్యాబ్ కోటు గారు చెప్పేదాకా షెడ్డు తాళం నాన్న దగ్గరే. మేస్త్రీ పదింటికి వస్తానన్నాడు.